జాగ్రత్త కాదు, ప్లాన్ కావాలి

మన ఇళ్ళల్లో ఆడపిల్ల గడప దాటుతుంటే వినపడే మాట ఒకటే - "జాగ్రత్తమ్మా". సందు చివర కొట్టుకెళ్ళి కరివేపాకు తెచ్చినా అదే మాట, శంషాబాద్‌లో విమానమెక్కి ఆన్‌సైట్‌కి వెళ్ళినా అదే మాట. ప్రేమతో అనేదే, కాదనను. కానీ కాస్త ఆలోచిస్తే ఆ మాటలో చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు. "కోడ్ జాగ్రత్తగా రాయవలెను" అని ఒక్క లైను రాసి, ఇదే మా డిజైన్ డాక్యుమెంటు అని ఎవరైనా పంపిస్తే మనం ఒప్పుకుంటామా? రివ్యూలో ఉతికి ఆరేస్తాం. మరి మనిషి విషయంలో మాత్రం ఆ ఒక్క మాటతో సరిపెట్టేస్తాం.

పైగా చాలాసార్లు "జాగ్రత్త" అంటే అసలు అర్థం "వెళ్ళకు" అని.

ఆన్‌సైట్ కథలు మనందరికీ తెలిసినవే. శుక్రవారం సాయంత్రం టీములో కుర్రాళ్ళు బ్యాగు తగిలించుకుని "ప్రాగ్ వెళ్తున్నాం", "ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నాం" అని మాయమైపోతారు. వాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. అదే ఒకమ్మాయి "ఈ వీకెండ్ పారిస్ వెళ్దామనుకుంటున్నా" అని చూడండి. "ఒక్కదానివేనా?" ఇది కొలీగ్. "ఎవరైనా తోడు దొరికితే వెళ్ళు తల్లీ," ఇది నాన్న. "పెళ్ళయ్యాక మీ ఆయనతో వెళ్దువుగానిలే," ఇది పిన్ని. ఆ తోడు దొరకదు, ఆ వీకెండ్ రాదు. ఆర్నెల్ల డెప్యుటేషన్ అయిపోతుంది. ఆఫీసు, అపార్టుమెంటు, ఇండియన్ స్టోరు - ఈ మూడే చూసి, చాక్లెట్లు కొనుక్కుని తిరిగొచ్చేసిన అమ్మాయిలు నాకు నలుగురైదుగురు తెలుసు. వాళ్ళకేం ప్రమాదం జరగలేదు, నిజమే. కానీ పోయింది కూడా ఉంది కదా? దాన్ని ఎవరూ లెక్కలో రాయరు, అంతే.

నేను చెప్పొచ్చేదేమిటంటే, ప్రమాదం లేదని కాదు. ఉంది. కానీ దానికి జవాబు భయమూ కాదు, మొండి ధైర్యమూ కాదు. ప్లాన్. అదీ పేజీలకి పేజీలు అక్కర్లేదు. ఆలోచిస్తే మూడు గంటలకి ప్లాన్ ఉంటే చాలు: ఊళ్ళోకి చేరే గంట, రాత్రి గదికి తిరిగొచ్చే గంట, ఫోను పోయిన గంట. మిగతా సమయమంతా మన ఇష్టం. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నప్పుడు ఒక్కదాన్నే పారిస్ వెళ్ళా కాబట్టి ఆ ఊరినే ఉదాహరణగా తీసుకుంటా. ఊరు మారితే వివరాలు మారతాయి, లెక్క మారదు.

ముందు అసలు ప్రమాదం ఏమిటో చూద్దాం. 2014లో వచ్చిన హిందీ సినిమా 'క్వీన్' చూశారుగా? పెళ్ళి ఆగిపోయిన అమ్మాయి ఒక్కతే పారిస్ వెళ్తుంది. అక్కడొకడు బ్యాగు లాక్కోబోతే వదలకుండా పెనుగులాడుతుంది. థియేటర్లో చప్పట్లు. నిజజీవితంలో అయితే మాత్రం దయచేసి బ్యాగు వదిలెయ్యండి. బ్యాగు మళ్ళీ కొనుక్కోవచ్చు. కానీ సినిమావాళ్ళు ఒక విషయం సరిగ్గానే పట్టుకున్నారు. పారిస్‌లో టూరిస్టుకి ఎక్కువగా ఎదురయ్యేది దొంగతనమే, అందులోనూ జేబుదొంగతనం. 2013 ఏప్రిల్లో జేబుదొంగల గోల భరించలేక లూవ్ర్ మ్యూజియం సిబ్బందే పని ఆపేస్తే, ఒక రోజు మ్యూజియం మూసెయ్యాల్సొచ్చింది. 2025 అక్టోబరులో అదే మ్యూజియంలో రాజుల కాలం నాటి నగలే ఎత్తుకుపోయారు. అర్ధరాత్రి కాదండోయ్, ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి! అంతమంది గార్డులున్న చోటే అలా ఉంటే మన హ్యాండ్‌బ్యాగు ఎంత?

వాళ్ళ పద్ధతులు కూడా ఏళ్ళ తరబడి అవే. మోంమార్త్ర్ కొండ మీద సాక్రెకర్ చర్చి మెట్ల దగ్గర ఒకడు నవ్వుతూ మీ చేతికి రంగుదారం కట్టేస్తాడు, కట్టాక డబ్బులడుగుతాడు. లూవ్ర్ దగ్గరా, ఐఫిల్ టవర్ దగ్గరా అట్ట మీద కాగితం పెట్టుకుని "ఇక్కడొక సంతకం పెట్టండి" అని చుట్టూ మూగుతారు, మీరు పెన్ను పట్టుకునేలోపు ఇంకొకరి చెయ్యి మీ బ్యాగులో ఉంటుంది. సేన్ నది ఒడ్డున ఒకామె మీ కాళ్ళ దగ్గర్నించి "బంగారు" ఉంగరం తీసి "మీదేనా?" అంటుంది. మెట్రో తలుపులు మూసుకునే క్షణంలో ఫోను లాక్కుని దిగిపోవడం ఇంకో రకం. ఇవన్నీ ముందే తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే అవన్నీ మన మొహమాటం మీద నడిచే వ్యాపారాలు.

ఇక ఆడవాళ్ళకి ప్రత్యేకంగా ఉండే బాధ - వెంటపడటం, కామెంట్లు చెయ్యడం - అది పారిస్‌లో లేదని చెప్పను. ఉండబట్టే 2018 ఆగస్టులో వీధుల్లో వేధింపులకి అక్కడికక్కడే జరిమానా వేసేలా ఫ్రాన్సులో చట్టం తెచ్చారు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి షేర్ ఆటోల్లో తిరిగిన వాళ్ళకి ఆ చూపులు కొత్తేమీ కాదు. కొత్త ఏమిటంటే, అక్కడ మనకి భాష రాదు, దారి తెలీదు. ఆ రెండూ ప్లాన్‌తో తీరేవే.

మొదటిది, చేరే గంట. కొత్త ఊళ్ళో మనం అన్నిటికన్నా అయోమయంగా ఉండేది మొదటి గంటలోనే. చేతిలో పెట్టె, కళ్ళు బోర్డుల మీద. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైలు నాలుగు గంటల్లో గార్ ద లెస్ట్ స్టేషన్లో దింపుతుంది. చవగ్గా దొరికిన రైలు రాత్రి పదకొండింటికి చేరేదైతే, ఇంకో ఇరవై యూరోలు పెట్టి పగలు చేరే రైలు తీసుకోండి. అది విలాసం కాదు, ఇన్సూరెన్సు ప్రీమియం అనుకోండి.

హోటల్ విషయంలో ఒక చిన్న కిటుకు. పారిస్ నగరంలో 20 వార్డులుంటాయి, లూవ్ర్ దగ్గర ఒకటితో మొదలై నత్తగుల్లలా బయటికి తిరుగుతూ పోతాయి. పిన్‌కోడ్ 750తో మొదలై చివరి రెండంకెలూ వార్డు నంబరు చెప్తాయి: 75005 అంటే ఐదో వార్డు. 92, 93, 94తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉంటే వెబ్‌సైట్లో "పారిస్" అని ఎంత పెద్దక్షరాల్లో రాసినా అది నగరం బయటే. ఆ ఊళ్ళు చెడ్డవని కాదు. రోజూ రాత్రి అంత దూరం ఒక్కళ్ళమే రైల్లో వెళ్ళాలా అన్నదే ప్రశ్న. ఇంకా, రాత్రంతా రిసెప్షన్లో మనిషి ఉంటారా? మెట్రో నుంచి అయిదు నిమిషాల్లో నడవగలమా? తలుపు కోడ్ మెసేజ్‌లో పంపించి, కింద మనిషే లేని అపార్టుమెంటు కన్నా, గది ఇరుకైనా సరే కింద మనిషి ఉన్న హోటల్ మేలు. హాస్టల్ అయితే ఆడవాళ్ళకి మాత్రమే ఉండే డార్మిటరీ ఉందేమో చూడండి. రిసెప్షన్లో మీ గది నంబరు నలుగురికీ వినపడేలా చెప్తే, వేరే గది ఇమ్మని అడగండి. అది పొగరు కాదు, హక్కు.

స్టేషన్లో దిగాక టికెట్ మెషీన్ దగ్గర "నేను కొనిస్తా" అని సాయానికొచ్చే పెద్దమనుషుల్ని దూరం పెట్టండి. 2025 జనవరిలో మెట్రో టికెట్టుని నగరంలో ఎంత దూరమైనా రెండున్నర యూరోలకి మార్చారు, కాబట్టి అందులో అర్థంకాని లెక్కేమీ లేదు. విమానంలో వచ్చేవాళ్ళకైతే, ఎయిర్‌పోర్టు నుంచి పారిస్ నగరానికి అసలైన టాక్సీల రేటు ప్రభుత్వమే కట్టేసింది. టాక్సీ స్టాండు దాకా నడవండి. లోపలే వచ్చి "టాక్సీ? టాక్సీ?" అని పిలిచేవాళ్ళ వెంట వెళ్ళకండి. మన బస్టాండుల్లో చూడని విద్యేమీ కాదిది.

రెండోది, తిరిగొచ్చే గంట. "చీకటి పడేలోపు ఇంటికొచ్చెయ్" అన్నది మన ఇళ్ళల్లో రాజ్యాంగం. ఆ రాజ్యాంగం పారిస్‌లో చెల్లదు. జూన్లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి పదింటికి. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే. అమ్మ రూలు పాటిస్తే ఎండాకాలం పదింటిదాకా తిరగొచ్చు, చలికాలం అయిదింటికే గదిలో కూర్చోవాలి! అసలు చూడాల్సింది చీకటిని కాదు, మనుషుల్ని. డిసెంబరు రాత్రి ఎనిమిదింటికి లాటిన్ క్వార్టర్లో కెఫేలన్నీ కిటకిటలాడుతుంటాయి. జనం లేని సందు పట్టపగలైనా జనం లేని సందే.

అందుకని రూలు మార్చుకుందాం: ఏ దారిన తిరిగి రావాలో బయల్దేరే ముందే తెలిసుండాలి, ఆ దారిలో జనం ఉండాలి. మెట్రో మామూలు రోజుల్లో రాత్రి ఒంటిగంట దాటేదాకా, శుక్ర శనివారాల్లో రెండు దాటేదాకా నడుస్తుంది. ఆఖరి రైలు కోసం ఆగకుండా గంటా రెండు గంటలు ముందే ఎక్కెయ్యండి. జనం ఉన్న పెట్టె ఎక్కండి, ఎవడైనా తేడాగా ఉంటే తర్వాతి స్టేషన్లో దిగి పెట్టె మారండి. రాత్రి బస్సుల్లో ఒక మంచి పద్ధతి ఉంది. పది దాటాక చాలా రూట్లలో డ్రైవర్ని ముందే అడిగితే, రెండు స్టాపుల మధ్యలో మీకు దగ్గరైన చోట ఆపుతాడు. మన సిటీ బస్సుల్లో చెయ్యెత్తితే ఆపుతారే, అలా అన్నమాట. కాకపోతే అక్కడ అది రాసిపెట్టిన రూలు.

ఫోన్లో మూడు నంబర్లు వేసుకోండి. 112 - యూరప్ యూనియన్ మొత్తానికీ ఎమర్జెన్సీ. 17 - ఫ్రాన్సు పోలీసులు. 3117 - మెట్రోలో, లోకల్ రైళ్ళలో ఇబ్బందైతే. మాట్లాడే పరిస్థితి లేకపోతే 31177కి మెసేజ్ పెట్టొచ్చు. ఇంకొకటి. 2016లో ఇంగ్లండులో లింకన్‌షైర్‌లో మొదలైన పద్ధతి: ఎవరైనా వెంటపడుతుంటే బార్ కౌంటర్ దగ్గరికెళ్ళి "ఏంజెలా ఉందా?" అని అడగడం. అడిగితే వాళ్ళకి అర్థమైపోతుంది, మిమ్మల్ని లోపల కూర్చోబెట్టి టాక్సీయో పోలీసులో పిలుస్తారు. ఫ్రాన్సులో కూడా ఇది పాటించే కెఫేలూ షాపులూ ఉన్నాయి, అద్దం మీద స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ లేకపోయినా ఫర్వాలేదు. లైట్లు వెలుగుతున్న ఏ షాపులోకైనా దూరెయ్యండి.

మూడోది, ఫోను పోయిన గంట. ఇది మన జాతికి... అంటే సాఫ్ట్‌వేర్ జాతికి అన్నిటికన్నా పెద్ద గండం. మ్యాపు ఫోన్లో, టికెట్టు ఫోన్లో, హోటల్ అడ్రస్ ఫోన్లో, డబ్బులు ఫోన్లో. 2024 ఫిబ్రవరిలో ఐఫిల్ టవర్ టికెట్టుకి యూపీఐ కూడా మొదలెట్టారు. బ్యాంకు ఓటీపీ వచ్చేది కూడా అందులో ఉన్న ఇండియా సిమ్ముకే. ఆఫీసులో ఒక్క సర్వర్ పోతే మొత్తం ఆగిపోయేలా ఎవరైనా డిజైన్ చేస్తే ఊరుకోం గానీ, జేబులో మాత్రం అలాంటిదే పెట్టుకు తిరుగుతాం. 

పరిష్కారం చాలా పాతది: కాగితం. హోటల్ పేరూ అడ్రసూ, ఇంటి నంబరు, అక్కడ ఉన్న ఒక ఫ్రెండు నంబరు, కార్డు బ్లాక్ చెయ్యడానికి బ్యాంకు నంబరు - ఒక చీటీ మీద రాసి జేబులో. రెండు కార్డులుంటే ఒకటి ఒంటి మీద, ఒకటి గదిలో. యాభై యూరోల నోటు ఒకటి పర్సులో కాకుండా వేరే చోట. ఇంట్లో పడున్న పాత ఫోను ఒకటి ఛార్జి పెట్టి, మెయిల్ లాగిన్ అయ్యి, హోటల్ గదిలో. మీ అకౌంట్లకి రికవరీ కోడ్లు ప్రింటు తీసి దాంతో పాటే. పాస్‌పోర్టు, జర్మనీ రెసిడెన్స్ కార్డు రెండూ ఒకే పర్సులో పెట్టకండి. పాస్‌పోర్టు పోతే పోలీసు కంప్లైంటు ఇచ్చి, 16వ వార్డులో ఉన్న మన ఎంబసీకి వెళ్ళాలి. అక్కడిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకి రావడానికే పనికొస్తుంది గానీ, తిరిగి జర్మనీ ఆఫీసుకి వెళ్ళడానికి కాదు. ఈ విషయం చాలామందికి తెలీదు. బంగారం సంగతి చెప్పక్కర్లేదనుకుంటా. గొలుసూ గాజులూ ఇంట్లోనే.

ఇక ఇంటివాళ్ళ సంగతి. వాట్సాప్‌లో ఎనిమిది గంటలు లొకేషన్ షేర్ చేసి వెళ్తే చాలనుకుంటారు చాలామంది. మెట్రో భూమి కిందకి వెళ్ళగానే ఆ చుక్క ఆగిపోతుంది. ఇక్కడ చుక్క ఆగితే అక్కడ అమ్మకి బీపీ! ఇండియా టైము ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందుంటుంది. మీరు తొమ్మిదిన్నరకి డిన్నర్ చేస్తుంటే అక్కడ అర్ధరాత్రి దాటింది, ఆవిడ నిద్రపోకుండా చుక్కని చూస్తూ కూర్చుంది. దీనికన్నా మన సర్వర్ల పద్ధతే నయం. రోజుకి రెండుసార్లు, ముందే అనుకున్న టైముకి "బావున్నా" అని ఒక మెసేజ్. రాకపోతే రెండు గంటలు ఆగాలి. అప్పటికీ రాకపోతే ముందు హోటల్‌కి ఫోను, తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న ఫ్రెండుకి ఫోను. ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలో ముందే రాసిస్తే, అమ్మ కూడా హాయిగా పడుకుంటుంది. భయపడేవాళ్ళకి కావల్సింది ధైర్యం చెప్పడం కాదు, చెయ్యడానికి ఒక పని.

ప్లాన్‌లో రాయలేనిది ఒకటుంది, అది మన పెంపకం. ఎవరు పలకరించినా పలకాలి, పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పాలి, మొహం మీద కాదనకూడదు. పారిస్ వీధుల్లో ఇది పక్కన పెట్టాలి. "నాన్, మెర్సీ" అని ఆగకుండా నడవడం నేర్చుకోవాలి. "ఒక్కదానివే వచ్చావా?" అని అడిగితే "లేదు, ఫ్రెండ్ వస్తోంది" అని నిస్సంకోచంగా అబద్ధం చెప్పొచ్చు, పాపం రాదు. అడిగినవాడు హిందీలోనో తెలుగులోనో అడిగినా సరే. "మనవాడే కదా" అనేది క్యారెక్టర్ సర్టిఫికెట్ కాదు. మరీ మీద మీదకొస్తే గట్టిగా అరవండి. ఫ్రెంచి రాదని ఆగకండి, అరుపుకి తెలుగైనా చాలు :)

ఇప్పుడు కొన్ని అభ్యంతరాలు. "గ్రూపుతో వెళ్తే ఈ తలనొప్పులుండవుగా?" అంటారు. గ్రూపు మంచిదే, దొరికితే వెళ్ళండి. కానీ పదిమంది కబుర్లాడుకుంటూ సెల్ఫీలు తీసుకునే గుంపే జేబుదొంగకి పండగ. తోడుంటే ప్లాన్ అక్కర్లేదు అనుకోవడం పొరపాటు.

"ఇన్ని ఆలోచిస్తే ఇక ఆనందం ఏముంది?" ఈ మాటలో నిజం ఉంది. అందుకే మూడు గంటలకే ప్లాన్ అన్నది. మిగతా రోజంతా నది ఒడ్డున కూర్చుంటారో, లా షాపెల్ దగ్గర తమిళుల హోటళ్ళలో మధ్యాహ్నం దోశ తింటారో, బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిదింటిదాకా తెరిచుండే లూవ్ర్‌లో తిరుగుతారో మీ ఇష్టం. ఏ సందులో ఏ కెఫేలో కూర్చోవాలో కూడా రాసుకుని వెళ్తే అది ట్రిప్పు కాదు, డెలివరీ.

అసలైన అభ్యంతరం వేరే ఉంది. "ఇదంతా ఆడవాళ్ళే ఎందుకు చెయ్యాలి? మగవాళ్ళు బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోతారుగా?" అవును, అన్యాయమే. దీన్ని న్యాయం అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇదొక పన్ను లాంటిది, మనం మాత్రమే కడుతున్నాం. కానీ పన్ను కట్టి ఊరు చూడటానికీ, పన్ను కట్టి గదిలో కూర్చోవడానికీ తేడా ఉంది. ఇన్నాళ్ళూ మనం కడుతున్నది రెండోది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: ఎంత ప్లాన్ వేసినా ఏదైనా జరగొచ్చు. జరిగితే తప్పు చేసినవాడిదే, ప్లాన్‌ది కాదు, వెళ్ళిన అమ్మాయిది అసలే కాదు. "నేనప్పుడే చెప్పా" అనేవాళ్ళకి ఇది ముందే చెప్పి పెడుతున్నా.

మనకి ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 2005 డిసెంబరులో బెంగుళూరులో రాత్రి షిఫ్టుకి క్యాబ్ ఎక్కిన ఒక కాల్ సెంటర్ ఉద్యోగిని హత్యకి గురైంది. అప్పుడు కూడా "ఆడపిల్లలకి రాత్రి ఉద్యోగాలెందుకు" అన్నవాళ్ళున్నారు. వాళ్ళ మాట విని ఉంటే ఈరోజు హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో సగం సీట్లు ఖాళీగా ఉండేవి. దాని బదులు రూల్స్ గట్టిపడ్డాయి. మొదటి పికప్, చివరి డ్రాప్ అమ్మాయి కాకూడదు, అయితే గార్డు ఉండాలి, డ్రైవర్ వివరాలు ముందే తెలియాలి, దిగాక ఫోను చేసి కనుక్కోవాలి. రాత్రి క్యాబ్‌కి మనకి ప్లాన్ ఉంది, అదీ రాతపూర్వకంగా. అదే అమ్మాయిని వేరే దేశం పంపించాక, శని ఆదివారాలకి వచ్చేసరికి మళ్ళీ "జాగ్రత్తమ్మా" దగ్గరికే వచ్చేశాం.

కాబట్టి అన్నయ్యలూ, నాన్నగార్లూ, టీములో కుర్రాళ్ళూ, మీకో విన్నపం. ఈసారి మీ ఇంటి అమ్మాయో, మీ పక్క సీటమ్మాయో ఒక్కతే ఎక్కడికో వెళ్తానంటే "ఒక్కదానివేనా?" అని అడక్కండి. "ఎన్నింటికి చేరతావు? హోటల్ నంబరు ఇవ్వు. మెసేజ్ రాకపోతే నేనెవరికి ఫోన్ చెయ్యాలి?" అని అడగండి. ఈ మూడు ప్రశ్నల్లో ప్రేమ ఏమీ తగ్గదు, పని మాత్రం జరుగుతుంది.

అమ్మాయిలకి చెప్పేది ఇంకా చిన్నది. తోడు దొరికేదాకా ఆగకండి. వీసా మీద ఉన్న తేదీ మాత్రం మీకోసం ఆగదు.